అరువు గొంతు

దారిన పోయే మనిషి ఎదుటివానిని తప్పుకొమ్మని అడగటానికి ఎన్ని రకాల గొంతులు కల్పించుకున్నాడో లెక్క తీస్తే అదే ఒక చిన్న చరిత్ర అవుతుంది. ఎడ్లబండికి మెడగంట చాలింది. టాంగావాడు కొరడా పిడిని తిరుగుతున్న చక్రపు ఆకులకు ఆనించి టకటకలాడించేవాడు. అదీ చాలకపోతే నోరు తెరిచి పిలిచేవాడు. ఆ పిలుపులో వరసలుండేవి. ముసలమ్మ అడ్డం వస్తే "అమ్మా, కాస్త పక్కకు" అనేవాడు, కుర్రవాడు అడ్డం వస్తే "ఏమయ్యా నవాబూ, ఈ దారి మీ తాతగారిదా?" అనేవాడు. ఎదుట ఉన్నది ఎవరో చూడకుండా ఆ కేక వేయటం సాధ్యమయ్యేది కాదు. మోటారు వచ్చిన తరువాత ఈ వరసలు పోయినవి. రబ్బరు బుడ్డిని పిసికితే ఇత్తడి బూర పలికేది. ఉత్తరాదివారు దానికి భోంపూ అని పేరు పెట్టారు. దాని కూత దాని పేరులోనే ఉన్నది. కొన్నాళ్లకు బుడ్డి పోయి బొత్తాము వచ్చింది. బొత్తాము నొక్కే వేలికి ఎదుట ఉన్నది ముసలమ్మో, కుర్రవాడో, ఎద్దో తెలియదు.

లారీల వెనుక పూలతీగల నడుమ "హారన్ ఓకే ప్లీజ్" అని రాయించటం ఈ దేశపు రోడ్ల మీద పాత ఆచారం. ఆ మూడు మాటల పుట్టుకను గురించి డ్రైవర్లు ఎన్నో కథలు చెబుతారు. పుట్టుక ఏమైనా, ప్రయోజనం స్పష్టమే. దారి ఇరుకు, బండి వెడల్పు, సరుకు ఎత్తు; వెనుక వచ్చేవాడు పలికితే తప్ప ముందున్నవానికి వాని ఉనికి తెలియదు. అందుచేత పలకమని ముందున్నవాడే మర్యాదగా కోరుతున్నాడు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ఈ రాత అనవసరపు మోతకు ప్రోత్సాహమిస్తున్నదని భావించి వాణిజ్య వాహనాల మీద దానిని నిషేధించింది. రాత చెరిపితే మోత తగ్గుతుందని నమ్మినవారు ఏనాడూ లారీ వెనుక సైకిలు తొక్కి ఉండరు.

చట్టం లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 119వ నియమం ఉన్నది. ఒకదాని వెంట ఒకటిగా పలు స్వరాలు పలికే హారను గాని, కర్కశంగా, కీచుగా, బెదరగొట్టేటట్లు మోగే మరే సాధనం గాని బండికి ఉండరాదని అది శాసిస్తుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, అనవసరంగా హారను మోగించినవానికి మొదటిసారి 1000 రూపాయలు, ఆ పైన 2000 రూపాయలు జరిమానా విధించారు. 2020లో బొంబాయి పోలీసులు ఒక చమత్కారం చేశారు. ఎర్రదీపం దగ్గర ఆగిన బండ్ల మోత 85 డెసిబెళ్లు దాటితే దీపం మళ్లీ మొదటి నుండి లెక్క పెట్టేది. మోగించేవాడు మోగించిన కొద్దీ నిలబడవలసి వచ్చేది. 2025లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, హారన్లలో వేణువు, తబలా, వయొలిన్, హార్మోనియం వంటి మన వాద్యాల ధ్వని వినిపించేటట్లు చట్టం తేవాలన్న ఆలోచన బయటపెట్టారు. తబలా విన్న మనిషి దారిలో నుండి తప్పుకుంటాడా, అక్కడే చతికిలబడి తల ఊపుతాడా అన్నది ఆలోచించవలసిన విషయమే.

కాన్పూరు నగరపు ట్రాన్స్‌పోర్టు నగర్‌లో ఈ చట్టాలన్నీ నోటికి వచ్చిన మిస్త్రీ ఒకడున్నాడు. చదివి నేర్చుకున్నవి కావు. చలానా కాగితాలు పట్టుకొని తిట్టుకుంటూ వచ్చిన డ్రైవర్ల వలన నేర్చుకున్నవి. నలభై ఏళ్లుగా అతని పని బండ్లకు దీపాలు, తీగలు, హారన్లు అమర్చటం. లారీకి ప్రెషరు హారను పెట్టటం అతనికి అరగంట పని. పెద్ద లారీకి గాలి బ్రేకులుంటాయి. బ్రేకు కొరకు ఇంజను నింపి పెట్టిన గాలి ట్యాంకు ఉండనే ఉంటుంది. అందులో నుండి ఒక సన్నని గొట్టం లాగి బూరకు తగిలిస్తే సరి. బండిని ఆపవలసిన గాలినే దొంగిలించి, బండి ఆగదని చాటటానికి వాడుకోవటం అన్నమాట. ఇందులోని వింత అతనికి తెలియక పోలేదు, కాని కడుపు నిండే పనిలో వింతలు ఎన్నని ఎంచుతాడు?

ఈ నలభై ఏళ్ల మోత అతని ఎడమ చెవిని తీసుకుపోయింది. హారను అమర్చి పరీక్షించేటప్పుడు తల ఎప్పుడూ కుడివైపుకు తిప్పుకొని ఎడమ చెవిని బూరకు అప్పగించటం అతని అలవాటు. 85 డెసిబెళ్ల ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయరాదని, ధ్వని మూడేసి డెసిబెళ్లు పెరిగిన కొద్దీ ఆ వ్యవధి సగం సగం కావాలని శ్రామికుల ఆరోగ్యాన్ని పరిశీలించే శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర పావుగంట మాత్రమే మిగులుతుంది. మిస్త్రీకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మనుమరాలు ఏదైనా చెప్పదలచుకుంటే చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి చెబుతుంది. పిల్ల పుట్టినప్పటి నుండి అలాగే చేస్తున్నది గనుక తాతలందరికీ ఒకే చెవి ఉంటుందని అనుకుంటున్నదేమో.

అతని వద్దకు ఒకనాడు పాల వ్యాపారం చేసే యువకుడు తన పికప్ బండిని తోలుకొని వచ్చాడు. బండి వెనుక గోనెసంచిలో సామగ్రి అంతా సిద్ధంగా ఉన్నది: పొడవు తగ్గుతూ పోయే నాలుగు పెద్ద బూరలు, ఒక గాలి ట్యాంకు, ఒక చిన్న కంప్రెసరు, తీగలు, గొట్టాలు. ఢిల్లీ కాశ్మీరీ గేటు బజారులో కొన్నాడట. అమెరికాలో పికప్ బండ్లకు రైలు హారన్లు తగిలించుకోవటం ఒక వేడుక. సామానంతా ఒక పెట్టెలో సర్ది అమ్మే వర్తకులు కూడా అక్కడ ఉన్నారు. ఆ వేడుకను యువకుడు తన ఫోనులో రాత్రింబవళ్లు చూశాడు. అయితే అతనిది ఒట్టి వేడుక మాత్రమే అనటం న్యాయం కాదు. తెల్లవారుజామున పల్లెల్లో పాలు పట్టుకొని నగరానికి తేవాలి. జి.టి. రోడ్డు మీద ఈ-రిక్షాలు, మోటారు సైకిళ్లు, తోపుడు బండ్లు ఎవరూ దారి ఇవ్వరు. జ్యేష్ఠ మాసపు ఎండలో ఒక గంట ఆలస్యమైతే క్యాన్లలోని పాలు విరిగిపోతాయి. విరిగిన పాల ఖరీదు ఎవరిస్తారు?

"రైలుకైతే అందరూ తప్పుకుంటారు ఉస్తాద్" అన్నాడతను.

"తప్పుకోక ఏం చేస్తారు నాయనా? రైలు పక్కకు తిరగలేదుగా" అన్నాడు మిస్త్రీ. అని, పానా అందుకున్నాడు.

యువకుడు కొన్న ఆ నాలుగు బూరలు నకళ్లకు నకళ్లు. వాటి మూలపురుషుని కథ చెప్పుకోదగినది. కెనడా దేశపు పడమటి కొసన బ్రిటిష్ కొలంబియాలో రాబర్ట్ స్వాన్సన్ అనే ఇంజనీరు ఉండేవాడు (1905-1994). అడవుల్లో చెట్లు కొట్టే కూలీల జీవితం మీద కవిత్వం కూడా రాశాడు. ఆవిరి ఇంజన్లు పోయి డీజిలు ఇంజన్లు వస్తున్న కాలమది. ఆవిరి ఇంజను కూతలో అనేక స్వరాలు కలిసి ఉండేవి. లోయల్లో అది మారుమోగితే రైలని పసిపిల్లలకు కూడా తెలిసేది. కొత్త డీజిలు ఇంజన్లకు పెట్టిన హారను ఒకే స్వరం పలికేది. అది అచ్చంగా లారీ హారనులాగే ఉండేది. రైలు గేట్ల వద్ద మోటారు నడిపేవారు ఆ మోత విని ఎక్కడో లారీ వస్తున్నదనుకొని పట్టాల మీదికి వచ్చేవారు, ప్రాణాలు పోయేవి. స్వాన్సన్ ఈ అపోహను తొలగించటానికి పూనుకున్నాడు. 1940ల చివర నుండి అతను వేర్వేరు పొడవులు గల బూరలను ఒక్కచోట చేర్చి, అవి కలిసి పలికినప్పుడు పాత ఆవిరి కూత స్ఫురించేటట్లు శ్రుతి చేస్తూ వచ్చాడు. ఉత్తర అమెరికాలో నేటికీ వినవచ్చే అయిదు బూరల రైలు హారను ఆ కృషి ఫలమే. 1967లో కెనడా సమాఖ్య ఏర్పడి నూరేళ్లు నిండిన సందర్భంలో వాంకూవరు నగరానికి పది బూరల సమూహాన్ని కూడా అతనే రూపొందించాడు. అది మిట్టమధ్యాహ్నం ఆ దేశపు జాతీయగీతంలోని తొలి నాలుగు స్వరాలు పలుకుతుంది.

రైలును లారీ అనుకోకుండా ఉండటానికి ఒక మనిషి ఇంత శ్రమపడి రైలుకు ప్రత్యేకమైన గొంతు తయారు చేశాడు. ఇప్పుడు లారీని రైలు అనుకోవటం కొరకు ఆ గొంతును లారీలకు తగిలిస్తున్నారు. స్వాన్సన్ కవి గనుక ఈ సంగతి వింటే నవ్వి ఉండేవాడేమో. ఇంజనీరు గనుక నవ్వి ఉండడేమో.

పికప్ బండికి గాలి బ్రేకులు లేవు. కనుక గాలిని మొదటి నుండి సంపాదించాలి. మిస్త్రీ స్టెప్నీ దింపి, చట్రం కింద ఆ చోటు కొలిచాడు. చట్రానికి రంధ్రాలు పొడిస్తే బలం తగ్గుతుంది. అందుచేత ఇనుప పట్టీలు వంచి, బిగింపులతోనే ట్యాంకును వేలాడదీశాడు. ఇరవై లీటర్లకు కొంచెం తక్కువ పట్టే ట్యాంకు అది. నీటి తెర అంటని చోట, ఇంజను వేడి తగలని చోట కంప్రెసరును కూర్చోబెట్టాడు. అది బ్యాటరీ నుండి చాలా విద్యుత్తు లాగుతుంది. సన్నని తీగ వేస్తే తీగ కాలి బండి కూడా కాలుతుంది గనుక లావు తీగ వేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, నడుమ రిలే అమర్చాడు. ట్యాంకులో ప్రెషరు చదరపు అంగుళానికి 150 పౌండ్లు చేరగానే కంప్రెసరు ఆగిపోవాలి, 120కి దిగగానే మళ్లీ తిరగాలి, దానికొక స్విచ్చి. నిండిన గాలి వెనక్కు కంప్రెసరులోకి తన్నకుండా ఒకవైపే తెరుచుకొనే కవాటం ఒకటి. గాలిని నొక్కిపట్టినప్పుడు అందులోని తేమ నీరై అడుగున చేరుతుంది, వానకాలంలో మరీ ఎక్కువ; ఆ నీటిని వదలటానికి ట్యాంకు కింద చిన్న కొళాయి. ట్యాంకుకూ బూరలకూ మధ్య విద్యుత్తుతో తెరుచుకొనే సోలినాయిడు. స్టీరింగు పక్కన ఎర్ర బొత్తాము. మరలకు తెల్లని టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాడు. ప్రతి అతుకు మీద సబ్బు నురుగు పూసి చూశాడు. మూడు చోట్ల బుడగలు వచ్చినవి. మళ్లీ బిగించాడు. ఒక చోట బుడగ మొండిగా వస్తూనే ఉన్నది. ఆ అతుకును మొత్తం విప్పి, కొత్తగా టేపు చుట్టి, సాయంకాలం వరకు దానితోనే కూర్చున్నాడు. పని ఎట్టిదైనా గాలి కారే పని అతని చేతి నుండి బయటికి పోదు.

బూరలో గారడీ ఏమీ లేదు. వెనుక భాగాన గుండ్రని డొక్కలో పలుచని లోహపు బిళ్ల ఒకటి గొట్టపు అంచును మూసి ఉంటుంది. గాలి తోసుకువచ్చి ఆ బిళ్లను వెనక్కు వంచుతుంది. సందు దొరకగానే బూరలోకి పారుతుంది. ఒత్తిడి తగ్గి బిళ్ల మళ్లీ అంచుకు తగులుతుంది. ఇది సెకండుకు కొన్ని వందల మార్లు జరుగుతుంది. బూర పొడవైతే స్వరం మంద్రం, పొట్టిదైతే తారం. ఒక్కొక్క బూర విడిగా పలికితే రోడ్డు మీద రోజూ వినే మోతే. నాలుగూ కలిసినప్పుడే మనిషి వెన్నులో చలి పుడుతుంది.

మరునాటి ఉదయం ఆవరణలో పరీక్ష జరిగింది. కంప్రెసరు కొన్ని నిమిషాలు గుర్రుమని తిరిగి ఆగింది. మిస్త్రీ అలవాటు ప్రకారం తల కుడివైపుకు తిప్పుకొని, నొక్కమని చెయ్యి ఊపాడు. రేకుల కప్పుల మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచినవి. పక్క లారీ కింద నిద్రపోతున్న క్లీనరు లేవబోయి ఇరుసుకు తల కొట్టుకున్నాడు. టీ కొట్టువాడు పాలగిన్నె దించి, పొయ్యి ఆర్పి, దుకాణం ముందుకు వచ్చి నిలబడ్డాడు. పొయ్యి ఎందుకు ఆర్పాడో అతనికే తెలియలేదు. మూడు నాలుగు సెకండ్లు నొక్కేసరికి ట్యాంకు ఖాళీ అవుతూ వచ్చి, కూత చివర కిందికి జారి, అలసిన పశువు అరుపులాగా ముగిసింది. యువకుని ముఖం వెలిగిపోయింది. చుట్టూ చేరినవారు నవ్వారు, చప్పట్లు కొట్టారు. మిస్త్రీ కూడా నవ్వాడు.

"రోడ్డు మీద చూడకుండా పని అయిపోయిందనకూడదు" అని అతను బండి ఎక్కాడు.

అమెరికా రైల్వే నిబంధనల ప్రకారం రైలు హారను ఇంజనుకు 100 అడుగుల ముందు కనీసం 96, గరిష్ఠం 110 డెసిబెళ్లు ఉండాలి. బహిరంగ ప్రదేశంలో దూరం సగమైనప్పుడల్లా ధ్వని ఆరు డెసిబెళ్లు పెరుగుతుంది. 100 అడుగుల వద్ద 110 అంటే, 50 అడుగుల వద్ద 116, 25 వద్ద 122, పన్నెండు అడుగుల వద్ద 128. రైలుకు పన్నెండు అడుగుల ముందు మనిషి ఉండడు. ఉంటే అతనికి ఇక హారనుతో పని లేదు. కాని జి.టి. రోడ్డు మీద పికప్‌కు పన్నెండు అడుగుల ముందు సైకిలు మీద బడికి పోయే పిల్లవాడు ఉంటాడు. నకలు బూరలు అసలంత మోగకపోవచ్చు. అయినా నివాస ప్రాంతాలలో పగటివేళ 55 డెసిబెళ్లు మించరాదని 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాలు చెబుతున్నవి. అంతరం ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

కాన్పూరులో అన్వర్‌గంజ్ నుండి మంధనా వైపు పోయే రైలుమార్గం నగరం నడుమ జి.టి. రోడ్డును అంటిపెట్టుకొని సాగుతుంది. దాని మీద గేట్లు అనేకం. గేటు పడితే రెండు వైపులా నగరమంతా వచ్చి నిలబడ్డట్లే ఉంటుంది. బండ్లు నిలబడతాయి, మనుషులు నిలబడరు. కడ్డీ కింద నుండి వంగి పట్టాలు దాటటం అక్కడ తప్పుగా ఎవరూ భావించరు. సైకిలును పడుకోబెట్టి కడ్డీ కింద నుండి జరిపి తీసుకుపోయే నేర్పు ఆ ఊరి పిల్లలకు ఉగ్గుపాలతో వస్తుంది. వారందరికీ ఆధారం ఒక్కటే: చెవి. కూత వినపడిందా, పరుగు. వినపడలేదా, ఇంకా వేళ ఉన్నది.

ఆ గేట్లలో ఒకదాని దగ్గర పికప్ ఆగింది. ముందు పది బండ్లు. కడ్డీ పడి చాలాసేపైంది. యువకుడు ఓపిక పట్టలేకనో, ముచ్చట తీరకనో ఎర్ర బొత్తాము నొక్కాడు.

అప్పుడు పట్టాల మీద ఏడెనిమిది మంది ఉన్నారు. వారందరూ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. కూత వచ్చింది రోడ్డు మీద నుండి. వారు చూసింది పట్టాల వెంట, సగం మంది తూర్పుకు, సగం మంది పడమరకు. సంచి మోస్తున్న ఒక వృద్ధుడు రెండు పట్టాల నడుమ కదలకుండా నిలబడిపోయాడు. చంకలో బిడ్డ ఉన్న ఒక స్త్రీ వెనక్కు పరుగెత్తి కడ్డీకి కొట్టుకున్నది. తరువాత ఎవరో పికప్‌ను వేలితో చూపారు. జనం తిట్టారు, నవ్వారు. యువకుడు కూడా నవ్వి, మరొకసారి నొక్కాడు. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు.

మూడవ కూత నాలుగు నిమిషాల తరువాత వినిపించింది. యువకుని చేతులు అప్పుడు స్టీరింగు మీదనే ఉన్నవి. మిస్త్రీ కుడి చెవికి కిటికీలో నుండి అది స్పష్టంగా తెలిసింది. పట్టాల మీద ఉన్నవారిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఒక కుర్రవాడైతే పికప్ వైపు చూసి ఎగతాళిగా చెయ్యి ఊపాడు. సైకిలు సగం కడ్డీ కింద, సగం పట్టా మీద ఉన్నది.

మిస్త్రీ తలుపు తెరిచి దిగాడు. అరవై దాటిన మనిషి బండ్ల సందుల్లో నుండి చేతులు ఊపుతూ పరుగెత్తాడు. ఏమని అరిచాడో అతనికి గుర్తు లేదు. అతని కంటె ముందే గేటుమ్యాను పచ్చజెండా కర్రతో కుర్రవాని వీపు మీద ఒకటి వేసి, సైకిలుతో సహా ఇవతలికి లాగాడు. నగరం నడుమ ఆ మార్గాన రైళ్లు మెల్లగానే నడుస్తాయి. రైలు మెల్లగానే వచ్చింది, పొడుగునా కూస్తూ మెల్లగానే పోయింది. జనం దాని వెనుకనే మళ్లీ పట్టాల మీదికి దిగారు. గేటుమ్యాను కడ్డీ ఎత్తాడు. పది బండ్ల వెనుక నుండి హారన్లు మొదలైనవి.

తిరుగుదారిలో ఇద్దరూ మాట్లాడలేదు. ఆవరణలోకి రాగానే మిస్త్రీ ఫ్యూజు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఉస్తాద్, డబ్బు మొత్తం ఇచ్చేశాను గదా" అన్నాడు యువకుడు.

"ఇచ్చావు."

"ఊళ్లో నొక్కను. ఊరి బయటనే."

"పాలు ఊరి బయట పోస్తావా?"

యువకునికి కోపం వచ్చింది. ఇంకొక మిస్త్రీ దగ్గర పెట్టించుకుంటానన్నాడు. ఆ మాట అబద్ధం కాదు; ఆ వీధిలోనే ఇంకా అయిదారుగురు ఉన్నారు. మిస్త్రీ వాదించలేదు. మజూరీ డబ్బు లెక్క పెట్టి బల్ల మీద పెట్టాడు. ఫ్యూజు కూడా జేబులో నుండి తీసి దాని పక్కనే పెట్టాడు. "రెండూ నీవే. ఏది కావాలంటే అది తీసుకో" అని, వేరే లారీ దీపాల పని మీద చట్రం కిందికి దూరాడు. అక్కడ నుండి అతని కాళ్లు మాత్రమే కనిపించేవి.

యువకుడు టీ తాగాడు. రెండవ టీ తాగాడు. ఫోను తీసి కాసేపు చూసి జేబులో పెట్టుకున్నాడు. తరువాత వంగి, చట్రం కింద ఉన్న ముసలివానికి వినబడేటట్లు కుడివైపుకు తిరిగి వచ్చి, మామూలు జంట హారను ఒకటి ఎంతవుతుందని అడిగాడు.

బూరలు విప్పటానికి గంటన్నర పట్టింది. ట్యాంకూ కంప్రెసరూ విప్పవద్దని యువకుడే అన్నాడు. సోలినాయిడు తీసివేసి ఆ చోట మిస్త్రీ ఒక పొడవాటి రబ్బరు గొట్టం, దాని చివర టైర్లకు గాలి పట్టే ముక్కు తగిలించాడు. పాల కేంద్రం దగ్గర సైకిళ్ల మీద క్యాన్లు తెచ్చేవారు ఇప్పుడు తెల్లవారుజామున ఆ పికప్ చుట్టూ మూగుతారు. గాలికి డబ్బు తీసుకోవాలా వద్దా అని యువకుడు కొన్నాళ్లు ఆలోచించి, మోటారు సైకిళ్లవారి దగ్గర తీసుకుంటున్నాడు, సైకిళ్లవారి దగ్గర మానేశాడు. అయితే ఆ ముక్కు దగ్గర సన్నగా గాలి కారుతున్నదట. వచ్చే ఆదివారం బండి తెమ్మని, సబ్బు నీళ్లు సిద్ధంగా పెడతానని మిస్త్రీ కబురు పంపాడు.